గాజు చేప అడుగున

ఒక మాట నా గొంతులో ఏళ్ల తరబడి అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. పెద్ద మాటేం కాదు. "అవును" అన్న ఒక్క మాట. అనకూడని చోట అన్నాను. వెనక్కి తీసుకునే వీలున్నన్నాళ్లూ తీసుకోలేదు. ఇప్పుడు తీసుకుందామంటే వినాల్సిన మనిషి మన్నులో ఉంది.

నా పేరు చెప్పను. చెప్తే వనపర్తి చుట్టుపక్కల సగం మంది గుర్తుపడతారు. వాళ్లలో చాలామందికి సూదులు వేసిన చెయ్యి నాది. సర్కారు దవాఖానాల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. తెలకపల్లి, అమరచింత, ఆఖరున కొత్తకోట. పెళ్లి చేసుకోలేదు. బ్రాందీ, విస్కీ ముట్టడం మాట అటుంచి వాసన కూడా పడదు. అయినా మా ముందు గదిలో అద్దాల బీరువా నిండా ఆ సీసాలే. ఖాళీవి. మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వేదుంటే ఇప్పుడే నవ్వండి, తర్వాత వీలుపడదు.

మామూలు సీసాలు కావవి. ఏనుగు, గుర్రం, పిస్తోలు, గౌను తొడుక్కున్న దొరసాని, గడ్డం ముసలాయన తలకాయ. ఇట్లా ఏదో ఒక రూపంలో పోతపోసిన పాతకాలపు గాజు. ఒకప్పుడు దొరల ఇళ్లకూ బంగ్లాలకూ పరదేశపు సారా ఇట్లాంటి వాటిలో వచ్చేది. తాగినవాళ్లు పోయారు, తాగింది పోయింది, బొమ్మలు మిగిలాయి. గద్వాలలో పాత ఇళ్లు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే సెలవు పెట్టి పోయేదాన్ని. కొత్తకోట రోడ్డు మీది పాత ఇనుప సామాన్ల వాళ్లు నాకోసం పక్కన పెట్టేవాళ్లు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా అక్క తిట్టేది. చర్చిలో ఆడవాళ్లు నా వెనకాల "బ్రాందీ సిస్టర్" అనుకునేవాళ్లు. నాకు కోపం రాకపోగా కొంచెం గర్వంగానే ఉండేది.

ఈ పిచ్చి ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి. మా అమ్మానాన్న పాలమూరు కూలీలు. మేస్త్రీ ఎక్కడికి తోలుకుపోతే అక్కడికి పోయి కాలువలకు మట్టి మోశారు. నేనూ వాళ్ల వెంటే, డేరాల్లోనే పెరిగాను. ఒకచోట ఇంజనీరు బంగ్లా వెనక చెత్తలో మా అమ్మకు గుర్రం సీసా దొరికింది. ఒక చెవి విరిగింది. అమ్మ దాన్ని బూడిదతో తోమి నాకిచ్చింది. నాకున్న ఒకే ఒక బొమ్మ అది. పొద్దున డేరా తలుపు పక్కకు జరిపితే ఎండ దాని గుండా వచ్చి మట్టి నేల మీద పసుపుపచ్చగా పడేది. చేయి పెడితే నా చేయి కూడా పచ్చగా అయ్యేది. ఇంకో పనికి పోతుంటే లారీలో సామాన్లు ఒరిగి అది పగిలింది. ఆ రోజు ఏడ్చినంత నేను మా నాన్న పోయిన రోజు కూడా ఏడవలేదు. ఇదంతా సాకు అనుకుంటున్నారా? సాకేనేమో. అసలు సంగతికి రావడానికి ఎంత చుట్టూ తిరుగుతున్నానో చూడండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దవాఖానాలో దగ్గు మందు, జ్వరం మందు పెద్ద డబ్బాల్లో కలిపి ఉంచేవాళ్లు. మందు ఊరికే పోస్తారు గానీ సీసా మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. జనం ఇంట్లో ఏది దొరికితే అది తెచ్చేవాళ్లు. నేను ఒక్కొక్క సీసానూ వెలుతురుకు పట్టి చూసి, మూతి దగ్గర వాసన చూసి, బాగుంటేనే మందు పోసేదాన్ని. ఒకసారి అమరచింతలో ఒకామె బాతు సీసా తెచ్చింది. లోపల శుభ్రంగానే ఉంది. "ఇది మందుకు పనికిరాదమ్మా, ఎంత కడిగినా పోదు" అన్నాను. వేరే మామూలు సీసాలో మందు పోసి ఇచ్చాను. ఆమె దండం పెట్టి పోయింది. బాతు నా సంచిలోకి వచ్చింది.

అది మొదటి అబద్ధం. చిన్నదే కదా అనుకున్నాను. కానీ ఆ రోజు నాకొక సంగతి తెలిసిపోయింది. సీసా విషయంలో నా మాటకు ఎదురులేదు. నేను మంచిదంటే మంచిది, చెడ్డదంటే చెడ్డది. సిస్టరమ్మ అబద్ధం ఎందుకు చెప్తుంది?

ఇక కొత్తకోట. అక్కడ మస్తాన్ సాబ్ అని లారీ మెకానిక్ ఉండేవాడు. ఆయన భార్య జైతూన్ బీ. ఒకే కూతురు షాహీన్, పెళ్లయి గద్వాలకు పోయింది. మస్తాన్ సాబ్ వయసులో బాగా తాగేవాడట. కూతురు పుట్టినప్పుడు దర్గాలో ఒట్టు పెట్టుకున్నాడు. మళ్లీ షరాబ్ నా పెదవికి తాకదు అని. తాకలేదు కూడా. ధాబాల నడుమ షెడ్డు, చుట్టూ తాగే డ్రైవర్లు, అయినా ఒట్టు తప్పలేదు. జైతూన్ బీ ఆ సంగతి చెప్పేటప్పుడు కొంగు సర్దుకుని మరీ చెప్పేది. ఆమె జీవితంలో గెలిచింది ఏదన్నా ఉందంటే అదే.

ఆయనకు మూత్రపిండాలు చెడిపోయి మంచాన పడ్డాక, డ్యూటీ దిగి సూదులు వేయడానికి వాళ్లింటికి పోయేదాన్ని. అక్కడ గోడ గూట్లో చూశాను దాన్ని. జానెడు పొడవు చేప. ఆకుపచ్చ గాజు. తోక మీద నిలబడి నోరు పైకి తెరిచి ఉంది, ఆ నోట్లో బిరడా. పొలుసులు ఒక్కొక్కటీ వేలికి తగిలేంత స్పష్టంగా ఉన్నాయి. ఎప్పుడో గద్వాలలో ఒక పెద్దింటి జీపు బాగుచేస్తే వాళ్లు మస్తాన్ సాబ్‌కు దాన్ని ఇచ్చారట. తోక అంచు కొంచెం చెదిరి సరిగ్గా నిలబడకపోతే ఆయన లారీ బేరింగు రింగు ఒకటి తెచ్చి, దాంట్లో లక్క కాచి పోసి చేపను నిలబెట్టాడు. గల్లీలో ఎవరు హజ్‌కు పోయివచ్చినా ఇంటింటికీ కొద్దికొద్దిగా మక్కా బావి నీళ్లు, జమ్‌జమ్ నీళ్లు పంచుతారు కదా. జైతూన్ బీ ఆ నీళ్లన్నీ ఆ చేపలో దాచింది. మక్కాకు పోయే స్తోమత వాళ్లకు ఎన్నడూ లేదు. ఆ చేపే వాళ్ల మక్కా.

ఆయన పోయేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. నాడి అందడం లేదని చెప్పింది నేనే. జైతూన్ బీ చేప నోట్లో బిరడా తీసి, చెంచాలో నీళ్లు వంచి, కల్మా చదువుకుంటూ ఆయన పెదవుల మధ్య పోసింది. ఆయన గుటక వేశాడు. అదే ఆఖరు. ఆమె ఏడుస్తూనే నావైపు తిరిగి, మింగిండు చూసినవా అన్నట్టు తల ఊపింది. ఆ తృప్తి నేను చూశాను. ఎదురుగా కూర్చుని చూశాను. నా కళ్లు మాత్రం చేప మీద ఉన్నాయి.

ఒక మనిషి పోతున్నాడు, నేను సీసా చూస్తున్నాను. నేనేం మనిషిని?

తర్వాత పరామర్శ పేరుతో పోయి చేపను అడిగాను. ఆమె నవ్వి, ఇదొక్కటి అడగకు సిస్టరమ్మా అంది. మళ్లీ పోయాను. దానికి బదులు మంచి ఇత్తడి చెంబు ఇస్తానన్నాను. వద్దంది. మూడోసారి పోయినప్పుడు మాత్రం నేను అడగలేదు. అడగడం కంటే నీచమైన పని చేశాను. నా దగ్గర పాత సీసాల బొమ్మల పుస్తకం ఉండేది. దాంట్లో చేప రూపంలో సారా సీసాలు ఉన్నాయి. సరిగ్గా ఇట్లాంటిదేనా అంటే కాదు, కానీ చేపే. అది చాలనుకున్నాను. గూటి దగ్గర నిలబడి, బిరడా తీసి వాసన చూసి, దవాఖానాలో చూసినట్టే వెలుతురుకు పట్టి చూసి, మెల్లగా చెప్పాను. జైతూన్ బీ, ఎట్లా చెప్పాలో తెలుస్తలేదు, ఇది షరాబ్ సీస అని.

నాకు నిజంగా తెలుసా? తెలియదు. అయ్యుండవచ్చు అనుకున్నాను. కానీ "అయ్యుండవచ్చు" అని చెప్తే ఆమె ఇవ్వదు కదా. అందుకే ఖాయంగా చెప్పాను. ఆమె ఆ మాట విని తన కుడిచేతిని చూసుకుంది. చెంచా పట్టిన చేయి. ఆ చూపు నాకిప్పటికీ కనపడుతుంది.

జమ్‌జమ్ నీళ్లు ఎక్కడ పడితే అక్కడ పారబోయరు. పెరట్లో గోరింట చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని కొద్దికొద్దిగా పోసింది. ఖాళీ చేపను గుడ్డతో పట్టుకుని, చేతికి తగలకుండా నాకిచ్చింది. నా కండ్ల ముందల ఉండొద్దు తీస్కపో అంది. నేను తీసుకున్నాను. బస్సులో ఒడిలో పెట్టుకుని వనపర్తి దాకా వచ్చాను. ఎంత సంతోషంగా వచ్చానో చెప్తే మీరు నా మొహాన ఉమ్మేస్తారు.

ఇంటికి వచ్చాక బేరింగు రింగు నాకు నచ్చలేదు. సేకరించేవాళ్లకు పైన అతికించినవి నచ్చవు. వేడినీళ్లలో పెట్టి లక్క మెత్తబడ్డాక రింగు ఊడదీశాను. చేప అడుగున అక్షరాలున్నాయి. పోతలోనే వచ్చిన ఇంగ్లీషు అక్షరాలు. రోజ్ వాటర్. దాని కింద బొంబాయి.

గులాబ్ నీళ్లు. వాళ్ల పెళ్లిళ్లలో చల్లేవి, దర్గాలో చల్లేవి, గోరీల మీద చల్లేవి. ఆ చేప పుట్టి బుద్ధెరిగాక దాని కడుపులో సారా చుక్క పడలేదు. మస్తాన్ సాబ్ ఒట్టు ఒట్టుగానే ఉంది. జైతూన్ బీ పోసినవి మంచి గాజులోని మంచి నీళ్లు. ఈ సంగతి ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. తడి చేతులతో పీట మీద అట్లాగే కూర్చుండిపోయాను.

కొత్తకోటకు రోజూ డ్యూటీకి పోతూనే ఉన్నాను. వాళ్ల గల్లీ దవాఖానా వెనకే. రేపు చెప్దాం అనుకున్నాను. రేపు పోయి ఎల్లుండి అయింది. చెప్తే చేపను ఇచ్చేయాలి. చెప్తే నేను తెలియకుండానే తెలిసినట్టు చెప్పానని ఒప్పుకోవాలి. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బరువైందో ఇప్పటికీ తేల్చుకోలేదు. బహుశా మొదటిదే. సిగ్గు పోయినా బతకగలను, చేప పోతే ఎట్లా అనుకున్నాను.

అప్పటికీ అది నేరం కాదేమో, పిరికితనమేమో అని సర్ది చెప్పుకోవచ్చు. కానీ ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

దవాఖానాలో రోగుల వరసలో చివరన కూర్చుంది. జబ్బేమీ లేదు. ముందున్నవాళ్లంతా అయ్యేదాకా ఓపికగా కూర్చుని, తన వంతు వచ్చాక నా బల్ల దగ్గరికి వచ్చింది. బాగా చిక్కిపోయింది.

"సిస్టరమ్మా, జర ఒక్క మాట అడుగుత. కోపం జేస్కోకు."

"అడుగు జైతూన్ బీ."

"గా చేప... గది నిజంగ షరాబ్ సీసనేనా? మజీద్ల హజ్రత్‌ను అడిగిన. కడిగిన గాజుకు దోషం లేదు, నీ మీద ఏం గునా లేదు అన్నడు. గాయ్న చెప్పిండు గని నా దిల్ ఒప్పుకుంటలేదమ్మా. ఒట్టు వెట్టుకొని గన్నేండ్లు ముట్టని మనిషి. ఆఖరికి నేనే, నా చేతుల్తోని..."

నేను సూదుల పళ్లెం సర్దుతున్నాను. సర్దిందే మళ్లీ సర్దుతున్నాను.

"నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలుస్తది. పొరపాటున ఇంకోదాన్ని చూసి గట్ల అనుకున్నవేమో? కాదని ఒక్కసారి అను సిస్టరమ్మా. గంతే సాలు. చేప నువ్వే ఉంచుకో, నాకొద్దు. కాదని అను, సాలు."

చూశారా? చేప నువ్వే ఉంచుకో అంది. నేను భయపడ్డది కూడా లేకుండా చేసింది. "కాదు" అంటే చాలు, చేప నాకే ఉంటుంది, ఆమెకు నిద్ర పడుతుంది. మరి ఎందుకు అనలేదు? ఎన్నో కారణాలు వెతికాను. ఆయా వింటోంది. డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. నా మాట పోతుంది. ఇవన్నీ ఉన్నాయి గానీ అసలు కారణం వేరే. నాకు విసుగొచ్చింది. మళ్లీ అదే సంగతి ఎందుకు తవ్వుతుంది ఈ ముసలమ్మ అని విసుగొచ్చింది. తప్పు చేసినవాళ్లకు, ఎవరికి తప్పు చేశారో వాళ్లను చూస్తే జాలికంటే ముందు విసుగు వస్తుంది. ఇది నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, నాలోనే చూశాను.

"అవును జైతూన్ బీ," అన్నాను. "అది షరాబ్ సీసనే."

ఆమె "అచ్ఛా" అంది. "నువ్వు జెప్తే అబద్ధమైతదా" అంది. కొంగు తల మీదికి లాక్కుని మెట్లు దిగి పోయింది. నేను తర్వాతి రోగిని పిలవబోయాను. ఎవరూ లేరు.

ఆ తర్వాత ఆ గల్లీ తప్పించి తిరిగాను, తేలు కుట్టిన దొంగలాగ. చేపను అందరికీ చూపించడం మాత్రం మానలేదు. అడుగున అక్షరాలు ఎవరైనా చదువుతారని, ఆ బేరింగు రింగునే మళ్లీ తెచ్చి, నేనే లక్క కాచి పోసి, మస్తాన్ సాబ్ బిగించినట్టే బిగించాను. ఆయన చేప పడిపోకుండా బిగించాడు. నేను నా అబద్ధం పడిపోకుండా బిగించాను.

నేను రిటైరయ్యే ముందు షాహీన్ దవాఖానాకు వచ్చింది. అమ్మ పోయిందని చెప్పడానికి. ఆఖరి గడియలో జమ్‌జమ్ చుక్క పోయబోతే జైతూన్ బీ పెదవులు బిగించిందట. ఎంత బతిమాలినా తెరవలేదట. ఆయనకు నేనేం తాపిన్నో, నాకు ఈ నీళ్లు ఎట్ల హలాలైతయి అందట. నోరు ఎండిపోయే పోయింది. ఆ పిల్ల నా చేయి పట్టుకుని ఇంకో మాట కూడా చెప్పింది. "మా అమ్మీ నీ పేరు మస్తు తల్సుకుంటుండె. సిస్టరమ్మ జెప్పకపోతే ఇంకా ఎందరి నోట్ల పోస్తుంటినో అని నీకు దువా జేస్తుండె" అంది.

నాకోసం దువా చేసిందట. నాకోసం.

ఆ చేయి వదిలించుకుని బాత్రూములోకి పోయి నల్లా తిప్పి నిలబడ్డాను. అప్పుడన్నా చెప్పొచ్చు కదా అంటారు. చెప్తే ఆ పిల్లకు ఏం మిగులుతుంది? వాళ్లమ్మ ఉత్త పుణ్యానికి కుమిలి చచ్చిందన్న సంగతి మిగులుతుంది. అది ఆమె మేలుకోసం దాచానా, నా మేలుకోసం దాచానా? నేను నర్సును. రోగి మేలుకోసం అనే మాట ఎన్నిటిని కప్పుతుందో నాకు బాగా తెలుసు.

ఏళ్లు గడిచాయి. నిన్న హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు, నాలాగే సీసాల పిచ్చివాడు. బీరువా అంతా చూసి చేప దగ్గర ఆగాడు. దీంట్లో ఏం సారా వచ్చేదమ్మా అని అడిగాడు. "బ్రాందీ" అన్నాను. తడుముకోలేదు. ఊపిరి తీసినంత తేలికగా వచ్చింది ఆ మాట. ఆయన రింగు తీసేస్తే ఇంకా అందంగా ఉంటుంది కదా అన్నాడు. వద్దు, పగులుతుంది అన్నాను. ఆయన పోయాక నా మీద నాకే భయం వేసింది. మొదట్లో గొంతుకు అడ్డం పడిన అబద్ధం ఇప్పుడు నున్నగా జారిపోతోంది. ఇట్లాగే ఉంటే కొన్నాళ్లకు అది నిజంగానే బ్రాందీ సీసా అని నేనే నమ్మి చచ్చిపోతాను. అప్పుడు జైతూన్ బీ పోసింది మంచి నీళ్లని తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కరూ మిగలరు.

అందుకే మీకు చెప్తున్నాను. ఇప్పుడు మీకూ తెలుసు. క్షమించమని అడగను. మీరెవరు క్షమించడానికి, నేనెవరిని అడగడానికి? చర్చిలో ప్రతి ఆదివారం మోకాళ్లూనాను గానీ దేవుడికి కూడా ఈ సంగతి పేరు పెట్టి చెప్పలేదు. నా పాపములు అని మొత్తంగా అన్నాను, గుంపులో కలిపేసి. చేపను గద్వాలకు తీసుకుపోయి షాహీన్‌కు ఇస్తాను. ఇస్తాననే అనుకుంటున్నాను. నా సంగతి నాకు తెలుసు కాబట్టి ఒట్టు మాత్రం పెట్టను. ఒట్టు నిలబెట్టుకునే మనుషులు వేరే ఉంటారు.

ఈ పొద్దున నీళ్లు కాచి చేపను దాంట్లో పెట్టాను. లక్క మెత్తబడింది. రింగు ఊడొచ్చింది. చేపను వెల్లకిలా పడుకోబెట్టి గుడ్డతో తుడిచాను. అక్షరాలు అట్లాగే ఉన్నాయి, ఒక్కటి కూడా అరగలేదు. కిటికీలోంచి ఎండ గాజు గుండా వచ్చి నా చేయి మీద ఆకుపచ్చగా పడింది. చేయి తీసేశాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా బల్లకు అవతల ఆమె నిలబడి ఉన్నట్టే, తన వంతు వచ్చేదాకా కూర్చుని వచ్చి నిలబడినట్టే, గట్టిగా, బయటికి వినపడేటట్టు అన్నాను.

"కాదు జైతూన్ బీ. అది గులాబ్ నీళ్ల సీస. నువ్వు ఆయినెకు తాపింది మంచి నీళ్లే."